ఉద్యోగం చేస్తూ ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్ పరీక్షలు రాశాను: నా అనుభవం

నేను హైదరాబాద్‌లో ఒక కంపెనీలో పేరోల్, అంటే ఉద్యోగుల జీతాల లెక్కలు చూస్తాను. ఏడాదంతా మా డెస్క్ వైపు ఎవరూ తొంగి చూడరు కానీ జనవరిలో "ఇన్వెస్ట్‌మెంట్ ప్రూఫులు అప్‌లోడ్ చేయండి" అని మెయిల్ వెళ్లిందంటే చాలు, లంచ్ టైమ్‌లో కూడా వదలరు. "మేడమ్, 80సీ కింద ఇంకో నలభై వేలు తగ్గింది, ఏం తీసుకోమంటారు?" అని అడుగుతారు. 80సీ అంటే పెట్టుబడి చూపించి పన్ను తగ్గించుకునే సెక్షన్. మార్చి జీతంలో టీడీఎస్ (పన్ను) కోత పడకుండా ఉంటే చాలు, ఆ నలభై వేలు వచ్చే పదిహేనేళ్లు ఎక్కడ ఇరుక్కుంటాయో ఎవరికీ పట్టదు. ఎవరో ఒకరు పాలసీ అంటగడతారు, రసీదు మా పోర్టల్‌లోకి వస్తుంది, నేను అప్రూవ్ కొడతాను. ఏళ్ల తరబడి అలా అప్రూవ్ కొట్టీ కొట్టీ, ఈ సలహా చెప్పే పనేదో చదువుకుని చెబితే బాగుంటుంది కదా అనిపించింది.

అయితే మన దేశంలో డబ్బు తీసుకుని పెట్టుబడి సలహా చెప్పాలంటే షేర్ మార్కెట్‌ని నియంత్రించే సెబీ దగ్గర రిజిస్టర్ అవ్వాలి. 2013లో వచ్చిన ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్ల నిబంధనలు ఉన్నాయి. 2020లో వాటిని సవరించాక పీజీ ఉండాలి, ఐదేళ్ల అనుభవం ఉండాలి అన్నారు. నాది బీకాం. అందుకే దాని గురించి ఆలోచించడమే మానేశాను. 2024 డిసెంబర్‌లో సెబీ ఆ రెండూ సడలించింది: డిగ్రీ చాలు, అనుభవం అక్కర్లేదు. వేరే ఉద్యోగం చేసుకుంటూ పార్ట్‌టైమ్‌గా కూడా అడ్వైజర్‌గా ఉండొచ్చు, కాకపోతే 75 మంది క్లయింట్లు దాటకూడదు. ఆ వార్త చదివిన రాత్రే ఎన్‌ఐఎస్‌ఎం సైట్‌లో లాగిన్ పెట్టుకున్నాను. ఎన్‌ఐఎస్‌ఎం అంటే సెబీయే 2006లో పెట్టిన సంస్థ, షేర్ మార్కెట్ రంగంలో పనిచేసేవాళ్లకి కావలసిన సర్టిఫికెట్ పరీక్షలన్నీ వాళ్లే పెడతారు.

పరీక్షలు రెండు. సిరీస్ 10-ఎ అంటే లెవెల్ 1, 10-బి అంటే లెవెల్ 2. రెండూ 150 మార్కులకి, మూడు గంటలు, 60 శాతం వస్తేనే పాస్, తప్పు జవాబుకి ఆ ప్రశ్న మార్కుల్లో నాలుగో వంతు కోత. మా ఫ్రెండ్ ఒకావిడ మ్యూచువల్ ఫండ్ డిస్ట్రిబ్యూటర్ పరీక్ష (సిరీస్ 5-ఎ) రాసింది, దాంట్లో 50 వస్తే చాలు, నెగెటివ్ లేదు. "వారం చదివితే అయిపోతుందే" అంది తను, నాదీ అలాంటిదే అనుకుని. ఈ రెండు పనులూ ఒకటే అని చాలామంది అనుకుంటారు గానీ తేడా ఉంది. డిస్ట్రిబ్యూటర్‌కి కమిషన్ ఫండ్ కంపెనీ ఇస్తుంది, అడ్వైజర్‌కి ఫీజు క్లయింట్ ఇస్తాడు, ఒకే క్లయింట్ దగ్గర రెండూ తీసుకోకూడదు. ఎవరు జీతం ఇస్తే వాళ్ల మాట వినడం లోకసహజం కాబట్టి, నాకు రెండోదే నచ్చింది. కమిషన్ మీద బతికేవాళ్లలో మంచివాళ్లు లేరని కాదు సుమా.

ఇక టైమ్ సంగతి. ఉద్యోగం చేస్తూ చదవడం గురించి ఎక్కడ చూసినా "రోజూ రెండు గంటలు కేటాయించండి" అని ఉంటుంది. పేరోల్‌లో ఉన్నవాళ్లకి ఆ మాట చెబితే నవ్వుతారు. ఇరవయ్యో తారీఖు దాటితే కొత్తగా చేరినవాళ్లు, మానేసినవాళ్లు, సెలవుల లెక్కలు, లోన్ కోతలు, బ్యాంక్ ఫైలు, ఆ పది రోజులు ఇంటికొచ్చి అన్నం తినడమే గొప్ప. అందుకని రోజూ చదవాలన్న నియమం పెట్టుకోలేదు. జీతాలు పడ్డాక ఒకటి నుంచి పద్దెనిమిది దాకా గట్టిగా చదవడం, నెలాఖరులో పుస్తకం ముట్టకపోవడం. ముట్టలేదని బాధపడకపోవడం కూడా ప్లాన్‌లో భాగమే. ఉద్యోగులకి ఫామ్ 16లు (జీతంలో కోసిన పన్ను సర్టిఫికెట్లు) జూన్ 15లోపు ఇవ్వాలి కాబట్టి జూన్ మొదటి సగం కూడా కొట్టేసుకున్నాను. ఇలా మన ఆఫీసు క్యాలెండర్‌ని ముందు గోడకి తగిలించి, మిగిలిన ఖాళీల్లో పరీక్ష తేదీ పెట్టుకోవాలి. ముందు పరీక్ష బుక్ చేసి తర్వాత లీవ్ కోసం మేనేజర్‌ని బతిమాలడం నా వల్ల కాదు.

సాయంత్రం రాయదుర్గంలో మెట్రో ఎక్కుతాను. అదే మొదటి స్టేషన్ కాబట్టి కాస్త ముందుగా నిలబడితే సీటు దొరుకుతుంది. అమీర్‌పేట దాకా ఒక మోస్తరుగా చదవొచ్చు, అక్కడి నుంచి తోపులాటకి ఎదుటివాళ్ల బ్యాగ్ మన ఫోన్ మీదే ఉంటుంది. అందుకని బండిలో థియరీ మాత్రమే పెట్టుకున్నాను: రెగ్యులేషన్లు, మ్యూచువల్ ఫండ్ రకాలు, పెద్ద మొత్తాలు పెట్టేవాళ్లకుండే పీఎంఎస్‌కీ ఏఐఎఫ్‌కీ తేడాలు, ఇలాంటివి. లెక్కలు మాత్రం పొద్దున్నే, ఇంట్లో ఎవరూ లేవకముందు, కాగితం మీద. రాత్రి పదిన్నరకి కూర్చుని లెక్కలు చేద్దామని మొదట్లో చూశాను, మెదడు సహకరించదు, రోజంతా చేసింది కూడా లెక్కలే కదా పాపం.

వర్క్‌బుక్ పీడీఎఫ్ రిజిస్టర్ అయితే ఎన్‌ఐఎస్‌ఎం సైట్‌లోనే దొరుకుతుంది. నిజం చెప్పాలంటే పొడిగా ఉంటుంది, కొన్ని చాప్టర్లు ప్రభుత్వ గెజిట్ చదువుతున్నట్టే ఉంటాయి. కానీ ప్రశ్నలన్నీ అందులోంచే వస్తాయి. బయట కోచింగ్ వీడియోలు నేను అర్థం కాని చోట మాత్రమే చూశాను. ఒక్క జాగ్రత్త: టాక్స్ రూల్స్ మారినప్పుడల్లా వర్క్‌బుక్ కొత్త వెర్షన్ వస్తుంది, ఏ తేదీ పరీక్షకి ఏ వెర్షన్ వర్తిస్తుందో చూసుకోండి. షేర్ల మీద దీర్ఘకాల లాభాల పన్ను 2024 జులై 23 నుంచి 12.5 శాతం అయింది, పాత నోట్సుల్లో ఇంకా పది శాతమే తిరుగుతోంది. ఇప్పుడైతే 1961 నాటి ఆదాయపన్ను చట్టం స్థానంలో 2025 చట్టం వచ్చింది, 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు. 80సీ, 80డీ అని నేను నిద్రలో కూడా చెప్పే సెక్షన్ నంబర్లన్నీ మారిపోయాయి. నా బాధ ఎవరికి చెప్పుకోను.

10-ఎలో అసలు ప్రాణం తీసేది టైమ్ వాల్యూ ఆఫ్ మనీ, అంటే కాలంతో పాటు డబ్బు విలువ ఎలా మారుతుందన్న లెక్క. ఫార్ములాలు కష్టం కాదు, ఏ చోట ఏది వాడాలన్నదే కష్టం. ఒక లెక్క చూపిస్తాను, ఇది నేను తయారు చేసుకున్నదే. ఇంటి ఖర్చు ఇప్పుడు నెలకి 40,000. రిటైర్ అవ్వడానికి ఇంకా 20 ఏళ్లు. ధరలు ఏటా 6 శాతం పెరుగుతాయి. రిటైర్ అయ్యాక 25 ఏళ్లు బతుకుతారు, అప్పుడు డబ్బు మీద 8 శాతం వస్తుంది. రిటైర్ అయ్యే రోజుకి ఎంత ఉండాలి? మొదట 40,000ని 20 ఏళ్లు ముందుకి తోయాలి. 1.06ని ఇరవై సార్లు గుణిస్తే దాదాపు 3.207, అంటే నెలకి 1,28,285 రూపాయలు, ఏడాదికి సుమారు 15,39,000. ఇంతవరకు అందరూ చేస్తారు. ఇప్పుడు 8లోంచి 6 తీసేసి 2 శాతం అని వేసి, ఖర్చు ఏడాది మొదట్లోనే అవుతుందనుకుంటే సుమారు 3.07 కోట్లు వస్తుంది. కానీ అలా తీసేయకూడదు, 1.08ని 1.06తో భాగించి ఒకటి తీసేయాలి, అసలు రేటు 1.887 శాతం. ఆ రేటు పెట్టి, ఖర్చు ఏడాది చివర అవుతుందన్నట్టు లెక్క కడితే 3.05 కోట్లు. కానీ ఇంటి ఖర్చుకి డబ్బు ఏడాది మొదట్లోనే చేతిలో ఉండాలి కదా, అలా కడితే 3.10 కోట్లు. చూశారా, మూడు దారులు, మూడు జవాబులు, పరీక్షలో ఈ మూడూ ఆప్షన్లలో ఉంటే? మనకి వచ్చిన అంకె ఆప్షన్లలో కనబడగానే సంబరపడి క్లిక్ కొడతాం. అక్కడే దెబ్బ. "మొదట్లో", "చివర్లో" అన్న ముక్క ప్రశ్నలో ఎక్కడుందో వెతికి, కాగితం మీద రాసుకుని, అప్పుడు లెక్క మొదలుపెట్టడం అలవాటు చేసుకున్నాను. ఈ ఒక్క అలవాటు నాకు చాలా మార్కులు నిలబెట్టింది.

మాక్ టెస్టులు కొన్ని చేశాక విసుగొచ్చింది. రమేశ్ వయసు 35, సునీత వయసు 32, ఇద్దరు పిల్లలు, ఒక హోమ్ లోన్, ఎన్నిసార్లని వీళ్లనే చదువుతాం? దాంతో ఇంట్లో బీరువా తెరిచాను. మా ఫైళ్లే కేస్ స్టడీలు. మా హోమ్ లోన్ స్టేట్‌మెంట్ తీసుకుని ఈఎంఐలో ఈ నెల వడ్డీ ఎంత, అసలు ఎంత అని నేనే కట్టి బ్యాంక్ అంకెతో సరిచూసుకునేదాన్ని. రూపాయితో సహా కలిసిన రోజు మా ఆయనకి చూపించాను, "బ్యాంక్‌కి ముందే తెలుసు కదా" అన్నాడు. ఆఫీసు గ్రూప్ ఇన్సూరెన్స్ కాగితాలు ఏళ్లుగా నేనే అందరికీ ఫార్వర్డ్ చేస్తున్నాను, అందులో గది అద్దె పరిమితి ఎంతో, ఉద్యోగం మానేసిన మర్నాటి నుంచి ఏం మిగులుతుందో శ్రద్ధగా చదివింది మాత్రం అప్పుడే.

మా బాబాయ్ పాలసీ సంగతి చెప్పాలి. ఏటా 50,000 చొప్పున ఇరవై ఏళ్లు కడతాడు, చివరికి 18 లక్షలు చేతికొస్తాయి. ఏదో పండక్కి వచ్చినప్పుడు నా పుస్తకం చూసి, "నాది చూడమ్మా, మంచిదేనా?" అని కాగితం ఇచ్చాడు. కట్టేది పది లక్షలు, వచ్చేది పద్దెనిమిది. ఏ రేటు దగ్గర ఈ రెండూ సరిపోతాయని చూడాలి. 5 శాతం వేస్తే 17.36 లక్షలు, 5.5 వేస్తే 18.39, మధ్యలో ఎక్కడో ఉంది, తేలింది 5.3 శాతం దగ్గర.

"ఐదుంబావు పైచిలుకు వస్తోంది బాబాయ్."

"అదేంటమ్మా, పది కడితే పద్దెనిమిది వస్తుంటే ఐదేంటి? దగ్గర దగ్గర రెట్టింపు కదా!"

ఇరవై ఏళ్లకి కదా అని నేను, అయితే ఏమైందని ఆయన. చివరికి మొదటి యాభై వేలు ఇరవై ఏళ్లు, ఆఖరి యాభై వేలు ఒక్క ఏడాది మాత్రమే వాళ్ల దగ్గర ఉంటాయని వరసగా గీతలు గీసి చూపిస్తే కాసేపు చూసి, "మరి ఇప్పుడు మానేయమంటావా?" అన్నాడు. ఇదీ అసలైన ప్రశ్న. దానికి జవాబు 5.3 కాదు. ఎన్నేళ్లు కట్టేశాడు, ఇప్పుడు సరెండర్ చేస్తే ఎంతిస్తారు, మిగిలిన ఏళ్లకి కట్టబోయే డబ్బు మీద ఎంత గిట్టుతుంది, ఇంకో టర్మ్ పాలసీ (చనిపోతే మాత్రమే డబ్బొచ్చేది) ఈ వయసులో ఆయనకి దొరుకుతుందా, ఇవన్నీ చూడాలి. చూస్తే, ఆయన ఇప్పటికే పదమూడేళ్లు కట్టేశాడు, ఇక కొనసాగించడమే నయమని తేలింది. చెడ్డ పాలసీ అయినా మానేయడమే మంచిదని లేదు. ఆ సాయంత్రం నేర్చుకున్నంత నేను ఏ చాప్టర్‌లోనూ నేర్చుకోలేదు. ఇంట్లోవాళ్లకి ఊరికే చెప్పడం వేరు, ఫీజు తీసుకుని చెప్పడం వేరు అని కూడా అర్థమైంది. బాబాయ్ అయితే రెండోసారి కాఫీ ఇచ్చి మర్చిపోతాడు.

పరీక్ష రోజు గురించి పెద్దగా చెప్పడానికి లేదు. గుర్తింపు కార్డు చూపించడం, ఫోన్ లాకర్‌లో పెట్టడం, ఏసీ చలికి వణకడం. చెప్పాల్సింది నెగెటివ్ మార్కుల గురించి. కోత ఉంది కదా అని తెలియనివన్నీ వదిలేసేవాళ్లు ఉంటారు, అది నష్టం. నాలుగు ఆప్షన్లలో కళ్లు మూసుకుని ఒకటి పెడితే, సగటున పోయేదీ లేదు, వచ్చేదీ పెద్దగా లేదు, మార్కులో పదహారో వంతు. కానీ ఒక ఆప్షన్ కచ్చితంగా కాదని తెలిస్తే ఆరో వంతు, రెండు కాదని తెలిస్తే మార్కులో మూడు ఎనిమిదో వంతులు మన వైపు ఉంటాయి. కాబట్టి నా రూల్ ఇది: రెండు కొట్టేయగలిగితే పెట్టేయడం, ఒక్కటీ కొట్టేయలేకపోతే వదిలి ముందుకెళ్లడం. ఒక్కటే కొట్టేయగలిగినవి చివర టైమ్ మిగిలితే చూడటం. కేసు మీద వచ్చే ప్రశ్నలు ఒక పేరా చదివాక వరసగా వస్తాయి, ఆ పేరా చదివిన టైమ్‌కి గిట్టుబాటు కావాలంటే అన్నీ ఒకేసారి చేసేయాలి, మళ్లీ వద్దామని వదిలితే మళ్లీ మొదట్నుంచి చదవాల్సిందే. రిజల్ట్ అక్కడే తెర మీద కనబడుతుంది. 10-ఎ సౌకర్యంగానే పాసయ్యాను.

10-బి వేరే రకం. ఇన్సూరెన్స్, రిటైర్మెంట్, టాక్స్, వారసత్వం, మనుషులు డబ్బు విషయంలో ఎందుకు తిక్కగా ప్రవర్తిస్తారనే బిహేవియరల్ ఫైనాన్స్. టాక్స్ నాకు వెన్నతో పెట్టిన విద్య కాబట్టి ఆ చాప్టర్లు ఊరికే తిరగేశాను. కానీ జీతం టాక్స్ తప్ప మిగతావి, ఇల్లు అమ్మితే, షేర్లు గిఫ్ట్ ఇస్తే, హిందూ ఉమ్మడి కుటుంబం ఆదాయమైతే, ఇవి పేరోల్‌లో రావు, కూర్చుని చదవాల్సి వచ్చింది. బిహేవియరల్ ఫైనాన్స్ చాప్టర్ సరదాగా ఉంది. వెయ్యి వస్తే కలిగే సంతోషం కంటే వెయ్యి పోతే కలిగే బాధ ఎక్కువని కానమన్, ట్వెర్‌స్కీ 1979లోనే రాశారట. మా ఫ్లోర్‌లో నష్టంలో ఉన్న షేర్‌ని "కొన్న రేటుకొస్తే అమ్మేస్తా" అని ఏళ్లుగా పట్టుకుని కూర్చున్నవాళ్ల పేర్లు మార్జిన్‌లో రాసుకున్నాను, పేర్లతో గుర్తుపెట్టుకుంటే మర్చిపోము.

వారసత్వం చాప్టర్ మాత్రం నన్ను కుదిపింది. నామినీ అంటే ఆస్తి సొంతం అవుతుందని నేనూ అనుకునేదాన్ని. బ్యాంక్ డిపాజిట్‌కైనా, షేర్లకైనా నామినీ డబ్బు అందుకునేవాడు మాత్రమే, చివరికి అది చేరాల్సింది వీలునామా ప్రకారం, వీలునామా లేకపోతే వారసత్వ చట్టం ప్రకారం. షేర్ల విషయంలో సుప్రీంకోర్టు 2023 డిసెంబర్‌లో ఈ మాటే తేల్చి చెప్పింది. జీవిత బీమాలో మాత్రం 2015 సవరణ తర్వాత తల్లిదండ్రులో, భార్యో, భర్తో, పిల్లలో నామినీ అయితే ఆ డబ్బు వాళ్లదే. ఇది చదివాక మా కంపెనీ పీఎఫ్, గ్రూప్ ఇన్సూరెన్స్ నామినీల లిస్ట్ తీసి చూశాను. పెళ్లయి ఎన్నో ఏళ్లయినా మార్చనివాళ్లు, ఆ గడి ఖాళీగా వదిలేసినవాళ్లు బోలెడు. మరుసటి వారం అందరికీ మెయిల్ పెట్టాను. చాలామంది మార్చారు. పరీక్ష వల్ల వేరే ఏమీ రాకపోయినా ఆ మెయిల్ వచ్చింది.

10-బి రాసేముందు కాస్త టెన్షన్ పడ్డ మాట నిజం. అది పెట్టుకున్న నెలలో ఆఫీసులో పేరోల్ సాఫ్ట్‌వేర్ మార్చారు, నా ఒకటి నుంచి పద్దెనిమిది పథకం గంగలో కలిసింది. తేదీ వెనక్కి జరుపుదామా అని ఆలోచించి, జరిపితే ప్రూఫుల సీజన్ మొదలవుతుందని అలాగే వెళ్లాను. కొత్త చాప్టర్లు ఆపేసి, చివరి పది రోజులు కేస్ స్టడీలు మాత్రమే చేశాను. పాసైతే అయ్యాను గానీ 10-ఎలో ఉన్నంత దర్జాగా కాదు.

ఎవరికైనా చెప్పేదేంటంటే, రెండు పరీక్షల మధ్య మరీ గ్యాప్ ఇవ్వకండి. 10-బి కేసుల్లో 10-ఎ లెక్కలే మళ్లీ వస్తాయి, ఆరిపోనివ్వకూడదు. సర్టిఫికెట్‌కి మూడేళ్లే విలువ. తర్వాత రెన్యువల్ కోసం 10-సి అని ఇంకో పరీక్ష ఉంది. కాబట్టి "ఎప్పటికైనా పనికొస్తుంది" అని ముందే రాసి పెట్టుకోవడం కన్నా, రిజిస్ట్రేషన్‌కి వెళ్లే ఉద్దేశం ఉన్నప్పుడు రాస్తేనే ఉపయోగం.

ప్రస్తుతం నేను ఇంకా రిజిస్టర్ కాలేదు. 150 మంది క్లయింట్ల వరకు అయితే లక్ష రూపాయల డిపాజిట్ పెట్టాలి, అది పెద్ద అడ్డు కాదు. నా అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఇంకో సంపాదన పని పెట్టుకోకూడదని ఒక షరతు ఉంది, అదే అసలు అడ్డు. దాని గురించి హెచ్‌ఆర్ హెడ్‌కి రాశాను. "లీగల్‌ని అడిగి చెబుతాం" అన్నారు. వాళ్లు వద్దంటే ఫుల్‌టైమ్‌గా దిగాలా, దిగితే మొదటి ఏడాది ఇల్లెలా గడుస్తుంది అన్న లెక్క ఒక షీట్‌లో వేసి పెట్టాను. మా ఆయన ఆ షీట్ చూసి ధరల పెరుగుదల ఆరు శాతం కాదు, ఎనిమిది వేయమన్నాడు. ఎనిమిది వేస్తే ఇంకో ఏడాది ఉద్యోగంలోనే ఉండాలని చూపిస్తోంది.